బీచ్‌లో ఫోటో: సముద్రం పిల్లల వెనక కాదు, పక్కన ఉండాలి



పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక ఉదయం ఓడలరేవు బీచ్‌లో మా పాపను సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టి, "ఇంకో అడుగు వెనక్కి వెయ్యమ్మా" అన్నాను. ఫోన్‌లో అల ఎక్కడో దూరంగా కనిపించింది. ఫోటో తీసేలోపే పాపను నడుము దాకా తడిపేసింది. మా నాన్నగారు చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగారు. చెప్పులు మాత్రం కొట్టుకుపోయాయి. తీరా ఇంటికొచ్చి చూస్తే ఫోటోలో పాప ముఖం నల్లగా ఉంది.

రెండింటికీ కారణం ఒకటే: నేను ఫోటో తీసిన దిక్కు.

ఎందుకలా జరుగుతుంది?

ఫోన్‌లో మనం మామూలుగా వాడేది వైడ్ లెన్స్. అది ఎక్కువ దృశ్యాన్ని పట్టి, వెనక ఉన్నవాటిని చిన్నవిగా చూపిస్తుంది. అందుకే దగ్గరి అల కూడా దూరంగా అనిపిస్తుంది.

ఇక వెలుగు సంగతి. కోనసీమకు సముద్రం దక్షిణ, ఆగ్నేయ దిక్కుల్లో ఉంటుంది. చలికాలం ఉదయం సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. ఆ వెలుగుకు తగ్గట్టు కెమెరా ఫోటో మొత్తాన్ని చీకటి చేస్తుంది. ముఖం నల్లబడుతుంది.

ఇలా తీయండి

1. తీరం వెంబడి నిలబడండి. సముద్రం ఒక పక్క, సరుగుడు తోట మరో పక్క ఉండాలి. వెలుగు పక్కనుంచి ముఖం మీద పడుతుంది. వచ్చే అల మీకూ, పిల్లలకూ కనిపిస్తుంది.

2. తెర మీద పిల్లల ముఖాన్ని వేలితో తాకండి. కెమెరా ముఖానికి తగ్గట్టు వెలుగు సరిచేసుకుంటుంది.

3. పిల్లల కళ్ల ఎత్తుకు వంగి తీయండి. సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకుంటే సముద్రం ఒక పక్కకి ఒరిగినట్టు రాదు.

4. ఉప్పు తుంపర లెన్స్ మీద పడితే ఫోటో మసకబారుతుంది. మెత్తటి నూలుగుడ్డతో తుడవండి.

5. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడలో తీయండి. ఉదయం, సాయంత్రం ఎండ మెత్తగా ఉంటుంది.

నది కలిసే చోట జాగ్రత్త

అంతర్వేదిలో వశిష్ఠ, ఓడలరేవులో వైనతేయ సముద్రంలో కలుస్తాయి. నదీముఖాల దగ్గర నీటి లాగుడు ఎక్కువ, కాళ్ల కింద ఇసుక జారుతుంది. అక్కడ నీళ్లలో దిగకుండా, పొడి ఇసుక మీదే నిలబడి తీయండి.

పిల్లలతో చేయించండి

బీచ్‌కి వెళ్లేముందు ఇంట్లోనే ఒక ప్రయోగం. పగటిపూట కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవారిని ఒక ఫోటో, కిటికీ పక్కగా ఉండేలా కూర్చోబెట్టి ఇంకో ఫోటో పిల్లలతోనే తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో వాళ్లనే చెప్పమనండి.

చివరిగా ఒక్క మాట. ఒకరు ఫోటో తీస్తున్నప్పుడు ఇంకొకరు ఫోన్ జేబులో పెట్టుకుని నీళ్లవైపే చూడాలి. ఆ రోజు మా నాన్నగారు చేసింది అదే.