ఇంటర్నేషనల్ స్కూల్లో వేయాలా? లెక్క ఇలా వేయండి

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి దారుల్లో అపార్ట్‌మెంట్లు అమ్మే హోర్డింగుల పక్కనే ఇంటర్నేషనల్ స్కూళ్ల హోర్డింగులు. పాపకు మూడేళ్లు నిండకముందే ఇంట్లో వాదన మొదలవుతుంది. "లక్షలు పోసి నర్సరీయా?" అని తాతయ్య. "మరి మనం సంపాదించేది ఎవరికోసం?" అని అమ్మానాన్న. ఇది వాదనతో తేలేది కాదు. కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి.

మొదటి పని: లోపల ఏ బోర్డో కనుక్కోండి

గేటు మీద 'ఇంటర్నేషనల్' అని ఉన్నా చాలా బడుల్లో చెప్పేది సీబీఎస్‌ఈనే. అందులో తప్పేమీ లేదు, విదేశీ బోర్డు ధర కట్టనంతవరకు. మన ఊళ్లలో విదేశీ బోర్డు అంటే ప్రధానంగా రెండు. జెనీవాలో 1968లో మొదలైన ఐబీ ఒకటి, ఇంగ్లండ్‌కు చెందిన కేంబ్రిడ్జ్ రెండోది. కేంబ్రిడ్జ్‌లో పదో తరగతి స్థాయికి ఐజీసీఎస్‌ఈ, ఆ తర్వాత ఏ లెవెల్స్. గుర్తింపు ఉన్న బడుల జాబితా ఐబీ, కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్లలోనే దొరుకుతుంది, బ్రోచర్ చూసి నమ్మకండి. ఐబీలో 'క్యాండిడేట్ స్కూల్' అంటే గుర్తింపు ఇంకా రాలేదని అర్థం. పైగా చిన్నపిల్లల పీవైపీకి, 11, 12 తరగతుల డిప్లొమాకి గుర్తింపులు వేరువేరు. మొదటిది ఉన్న బడిలో రెండోది ఉండాలని లేదు.

రెండో పని: పన్నెండో తరగతి తర్వాత నుంచి వెనక్కి రండి

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఐబీ పుట్టిందే దేశాలు మారే దౌత్యవేత్తల, అంతర్జాతీయ ఉద్యోగుల పిల్లల కోసం. మన పటాన్‌చెరులో కూడా పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు వచ్చిన విదేశీ శాస్త్రవేత్తల పిల్లల కోసమే అలాంటి బడి వచ్చింది. ఈ ఏడాది సింగపూర్, మూడేళ్లకు దుబాయ్ అన్నట్టుండే ఉద్యోగమైతే ఇంక ఆలోచించక్కర్లేదు, పిల్లవాడి చదువు తెగకుండా సాగుతుంది.

"మావాడు ఐఐటీకి", "మా అమ్మాయి డాక్టరు" అనుకునేవాళ్లు మాత్రం ఆగండి. ఐబీ డిప్లొమాకు, ఏ లెవెల్స్‌కు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం గుర్తింపు ఉంది. ఇక్కడ కాలేజీలో చేరడానికి అది అడ్డు కాదు. అడ్డు పడేది క్యాలెండరు. డిప్లొమా పరీక్షలు మే నెలలో, నీట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా మామూలుగా మేలోనే. డిప్లొమా ఫలితాలు వచ్చేసరికి జులై. నీట్‌కు ఇంకో చిక్కుంది. డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు. మామూలు పద్ధతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలలో రెండే తీసుకోగలరు. మూడూ కావాలంటే బడి ద్వారా ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. పైగా నీట్, జేఈఈలకు కావలసిన ఎన్‌సీఈఆర్‌టీ సాధన వేరు, 4,000 పదాల వ్యాసం రాయమనే డిప్లొమా వేరు. రెంటినీ లాగాలంటే సాయంత్రం కోచింగ్ తప్పదు, అంటే రెండు ఫీజులు.

విదేశంలో డిగ్రీ అనుకుంటే లెక్క మారుతుంది, అదీ దేశాన్ని బట్టి. జర్మనీలో మన ఇంటర్‌తోనో సీబీఎస్‌ఈ పన్నెండుతోనో సాధారణంగా నేరుగా చేర్చుకోరు. ఇక్కడ ఏడాది డిగ్రీ చదవాలి, లేదా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాలి, కాదంటే అక్కడ ముందస్తు కోర్సు చేయాలి. సరైన సబ్జెక్టులతో చేసిన ఐబీ డిప్లొమా ఆ మెట్టు తప్పిస్తుంది. అమెరికాకు మాత్రం సీబీఎస్‌ఈ పిల్లలు ఏటా వెళ్తూనే ఉన్నారు. "ఐబీ లేకపోతే అమెరికా లేదు" అని ఏ కౌన్సెలరైనా అంటే, ఆయన తన సీటు అమ్ముకుంటున్నాడని అర్థం.

మూడో పని: పన్నెండేళ్ల మొత్తం రాయండి

ఒకటో తరగతిలో 6 లక్షలు, ఏటా 10 శాతం పెంపు అనుకుందాం. పన్నెండో తరగతిలో ఏడాదికి 17 లక్షలు, మొత్తం సుమారు 1 కోటి 28 లక్షలు. అదే పెంపుతో 1.5 లక్షల సీబీఎస్‌ఈ బడి అయితే 32 లక్షలు. ఆ తేడాను ఏటా 7 శాతం వడ్డీ వచ్చేచోట వేస్తే, పన్ను పక్కన పెడితే, చివరికి 1 కోటి 40 లక్షలు దాటుతుంది. మీ బడి అంకెలు మీరు వేసుకోండి. బస్సు, భోజనం, ల్యాప్‌టాప్, తిరిగిరాని అడ్మిషన్ ఫీజు, పరీక్ష ఫీజులు, ట్రిప్పులు విడిగా రాయండి. ఫీజు చార్టులో ఇవి కింద సన్న అక్షరాల్లో ఉంటాయి, ఒక్కోసారి అవీ ఉండవు. ఇద్దరు పిల్లలుంటే రెండు వరసలు.

ఇప్పుడు ఆ పక్కన కాలేజీ ఖర్చు రాయండి. అమెరికా ప్రైవేటు యూనివర్సిటీలు చాలావాటిలో వసతితో కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. నాలుగేళ్లకు రెండున్నర కోట్ల పైమాటే. బడి ఫీజు మొదటి వాయిదా, ఇది రెండోది. రెండోది కట్టే దారి లేనప్పుడు మొదటిది కట్టడం నా దృష్టిలో దుబారా. ఇల్లు తాకట్టు పెట్టి పీవైపీ చదివించడం మరీను.

నాలుగో పని: బడికి వెళ్లండి, కానీ ఓపెన్ హౌస్‌కు కాదు

ఆ రోజు రోబోటిక్స్ ల్యాబూ, ఈతకొలనూ చూపిస్తారు. మామూలు పనిదినం వెళ్లి, అయిదో తరగతి పిల్లల నోటుబుక్కులు అడగండి. టీచరు దిద్దారా, తప్పు ఎందుకు తప్పో రాశారా, లేక ప్రతి పేజీలో 'గుడ్' అని ఒక్క స్టాంపేనా? అక్కడే బడి తెలిసిపోతుంది. డిప్లొమా ఉంటే కిందటి బ్యాచ్ సగటు ఎంత, ఎంతమంది పూర్తి డిప్లొమా రాశారు అని అడగండి. 45కి ఒక్కడికి వచ్చిన 43 ఫ్లెక్సీలో ఉంటుంది, సగటు ఉండదు. టీచర్లు ఎంత తరచుగా మారుతున్నారో గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లులను అడగండి, ఆఫీసు కంటే వాళ్లు సూటిగా చెబుతారు. తెలుగు ఎవరు చెబుతారో కూడా చూడండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డైనా తెలుగు బోధించాల్సిందే.

"సీటు రేపటి దాకానే ఉంచుతాం" అని ఫోన్ వస్తే రేపటి దాకా ఆగి చూడండి. ఎల్లుండి మళ్లీ చేస్తారు.

అయిదో పని: మధ్య దారి ఉందేమో చూడండి

పదో తరగతి దాకా మంచి సీబీఎస్‌ఈ బడి, విదేశం ఖాయమైతే చివరి రెండేళ్లు మాత్రం డిప్లొమా లేదా ఏ లెవెల్స్. ఖర్చు పన్నెండేళ్లది కాదు, రెండేళ్లది. అప్పటికి పిల్లవాడికేం కావాలో వాడే చెప్పగలడు. కష్టం లేకపోలేదు. బట్టీకి అలవాటైన చేతికి సొంతంగా నాలుగు పేజీలు రాయడం మొదట్లో పట్టుబడదు. అందుకని తొమ్మిదో తరగతి నుంచే వారానికో వ్యాసం రాయించండి. ఎంట్రన్స్, ఇంటర్వ్యూ తేదీలు పదో తరగతి మొదట్లోనే కనుక్కోండి. పదో తరగతి ఫలితాలు వచ్చాక వెళ్తే మంచి బడుల్లో సీట్లు మిగలకపోవచ్చు.