ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులు

ప్రశ్న: హైదరాబాదు ఛత్తాబజారులో శుభలేఖలు కూర్చెదను. అన్ని ప్రోగ్రాములకును ఎన్విడియానే నిర్ణయించితిని, బ్యాటరీ నిలువకున్నది. ఇంటెల్ గ్రాఫిక్స్‌ను ఆపివేయుదునా?

జవాబు: వలదు. 2010లో ఎన్విడియా ప్రవేశపెట్టిన ఆప్టిమస్ పద్ధతిలో, ఎన్విడియా చిప్పు గీచిన చిత్రము సైతము ఇంటెల్ చిప్పు ద్వారానే తెరపైకి వచ్చును గనుక, దానిని తొలగించుట కూర్చున్న కొమ్మను నరుకుకొనుటయే. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'ఆటో సెలెక్ట్' నిలిపి, పిమ్మట విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అను వరుసన పోయి, ఉర్దూ నస్తాలీఖ్ లిపి కూర్చు ఇన్‌పేజ్‌కు 'పవర్ సేవింగ్' నిర్ణయించి, వీడియో ఆహ్వానములు చేయు ప్రోగ్రామునకు మాత్రమే 'హై పెర్ఫార్మెన్స్' నొసగి, దానిని మూసి మరల తెరువుడు. అక్షరకూర్పునకు ఇంటెల్ సమృద్ధిగా చాలును. అనేక ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్విడియాకే కలుపబడియుండును. దానికి బయటి మానిటర్ తగిలించినంతసేపు ఎన్విడియా చిప్పు మేలుకొనియే యుండును గావున, కరెంటు లేనివేళ ఆ కేబుల్ తప్పక తీసివేయుడు.