విజిట్ వీసా మీద పనికి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది వేములపల్లి. పదో తరగతి పాసవ్వలేదు. దుబాయ్‌లో పని ఉందని, విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ మార్పిస్తానని ఏజెంట్ అంటున్నాడు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లకండి. యూఏఈలో వర్క్ పర్మిట్ తీసుకోవాల్సింది యజమాని. ఆ ఖర్చు కార్మికుడి మీద వేయకూడదని అక్కడి చట్టమే చెబుతోంది. మరి ఏజెంట్ మీ దగ్గర వసూలు చేసేది దేనికి? మన దగ్గర లైసెన్సున్న ఏజెంటైనా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. అలా వెళ్లి వీసా మార్చుకున్నవాళ్లు లేరా అంటే, ఉన్నారు. కానీ పర్మిట్ రాకముందు చేసే పని చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో కాగితం ఉండదు. పది పాసవ్వలేదు కాబట్టి మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) కిందికి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా ఆ అనుమతి తీసుకుని వెళ్తే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలే. విజిట్ వీసాతో అది పోతుంది. కాస్త ఆలస్యమైనా విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోండి. వెళ్లాక పాస్‌పోర్టు యజమానికి అప్పగించకండి, పర్మిట్ గడువు తేదీ మీరే చూసుకోండి, పర్మిట్‌లో ఉన్న కంపెనీని వదిలి మరోచోట చేరకండి.