దూరం నుండి మిషన్ను లేపడం ఎట్లా?

కొడంగల్ దగ్గర మా తండాలో నాయన బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టించినాడు. ఫోన్ చేస్తే మోటారు నడుస్తది. రాత్రిపూట పాముల భయంతో చేను దాకా పోయే పని తప్పింది. కిందటి ఎండాకాలం మేము పెండ్లికి పోయినప్పుడు ఫ్యూజు పోయింది. ఆ డబ్బాకు కూడా మోటారు కరెంటే గదా, అదీ మూగబోయింది. నాయన ఎన్నిసార్లు ఫోన్ కొట్టినా పలకలేదు. సిగ్నల్ లేదేమో అనుకున్నాడు. మూడో రోజు వచ్చి చూస్తే టమాట మడి ఎండిపోయింది.

పెద్ద పెద్ద కంప్యూటర్లకూ ఇదే కష్టం ఉన్నది. సర్వర్ అంటే పగలూ రాత్రీ నడుస్తూ ఇతర కంప్యూటర్లకు సమాచారం అందించే కంప్యూటరు. ఎక్కడో తాళం వేసిన గదిలో ఉంటుంది. తెర, కీబోర్డు కూడా పెట్టరు. పనిచేసేవాళ్లు నెట్ ద్వారానే లోపలికి పోతారు. అది పడిపోతే ఆ దారీ మూసుకపోతది.

2024 జూలై 19న ఏమయిందంటే, క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన భద్రతా సాఫ్ట్‌వేర్ కోసం పంపిన ఒక ఫైలులో తప్పు దొర్లింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నవి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసిచ్చినారు, మన గోడపత్రిక లాగనే! కంపెనీ 78 నిమిషాల్లోనే ఆ ఫైలును వెనక్కి తీసుకున్నది. కానీ పడిపోయిన మిషన్ లేస్తేనే గదా మంచి ఫైలు అందుకునేది! చాలాచోట్ల మనిషి ఒక్కొక్క మిషన్ దగ్గరికి పోయి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తీసివేయవలసి వచ్చింది. డిస్కుకు తాళం ఉన్నచోట 48 అంకెల కీ కూడా కొట్టాలి.

అయితే చాలా సర్వర్లలో బోర్డు మీదనే ఇంకొక చిన్న కంప్యూటరు ఉంటుంది. దాన్ని బి.ఎం.సి. అంటారు. డెల్ కంపెనీ పెట్టుకున్న పేరు ఐడ్రాక్, హెచ్.పి. పెట్టుకున్నది ఐలో. పెద్ద మిషన్ ఆగిపోయినా, కరెంటు ఉన్నంతసేపు ఇది మేలుకొనే ఉంటది. దీనికి నెట్ తీగ కూడా వేరే పెట్టవచ్చు. దీని ద్వారా కొడంగల్‌లో కూర్చున్న మనిషి హైదరాబాదు సర్వర్ తెరను చూడవచ్చు, ఆపి మళ్లీ నడపవచ్చు. తన దగ్గరున్న ఫైలును అక్కడ సి.డి. పెట్టినట్లు చూపించి, లినక్సో విండోసో మొదటి నుండి ఎక్కించవచ్చు. లోపలి సమాచారం మాత్రం ముందే వేరేచోట దాచి ఉండాలి. పాస్‌వర్డ్ దొరికితే దొంగ కూడా ఇవన్నీ చేయగలడు. అందుకే దీన్ని బయటి నెట్‌కు తగిలించకూడదు.

ఇంకొక ఉపాయం నాకు బాగా నచ్చింది. దూరం నుండి ఫైర్‌వాల్ మార్చేటప్పుడు ఒక్క లైను తప్పు పోతే మనమే బయట పడతాం, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్లు. అందుకని తెలిసినవాళ్లు పది నిమిషాల తర్వాత పాత అమరిక దానంతటదే తిరిగి వచ్చేటట్లు ముందే పెట్టి, ఆ తర్వాతనే మారుస్తారు. మళ్లీ లోపలికి పోగలిగితే దాన్ని రద్దు చేస్తారు.

సంక్రాంతి సెలవుల్లో నాయనతో చెప్పి స్టార్టర్ డబ్బాకు చిన్న బ్యాటరీ పెట్టించినాము. ఇప్పుడు కరెంటు పోతే అదే నాయనకు ఫోన్ చేస్తది. ఫ్యూజు వేయడానికి మాత్రం నడిచే పోవాలి.

— 9వ తరగతి విద్యార్థి