ఒకరి మూడు, ఇంకొకరి నాలుగు

డేటా విశ్లేషణలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు, ఇందులోనే తల పండిన నేను చెప్పదలచుకున్నవి ఇవి.

1. ‘అసలు లేదు, కొంచెం, మధ్యస్థం, ఎక్కువ, చాలా ఎక్కువ’ అనే జవాబులకు 1 నుంచి 5 దాకా అంకెలు వేసి సగటు తీయకండి. ఆ అంకెలు వరసను చెబుతాయే గాని మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరాన్ని చెప్పవు. ఇలా చేస్తే లేని తేడా ఉన్నట్టు, ఉన్నది లేనట్టు, ఒక్కోసారి తలకిందులుగా కూడా తేలవచ్చని లిడెల్, క్రుష్కే 2018లో చూపించారు.

2. పీటర్ మెకల్లా 1980 నాటి వ్యాసం చదవండి. జవాబు వెనక కంటికి కనపడని కొలత ఒకటి ఉందనీ, అది హద్దు దాటినప్పుడల్లా జవాబు మారుతుందనీ ఊహించుకోవచ్చు. ఐదు వర్గాలకు నాలుగు హద్దులు. అవి ఎక్కడున్నాయో డేటానే తేలుస్తుంది.

3. తీర్పు చెప్పే మనిషిని లెక్కలోకి తీసుకోండి. రాండల్ 1989లో ప్రచురించిన వైన్ చేదు డేటా నాకు చాలా ఇష్టం. రుచి చూసేవాళ్లు 9 మంది, ఒక్కొక్కరికీ 8 సీసాలు, మొత్తం 72 తీర్పులు. ద్రాక్ష నలిపేటప్పటి వెచ్చదనం, రసం తొక్కలతో కలిసి ఉండటం చేదును పెంచుతాయా అన్నది ప్రశ్న. పేపర్లు దిద్దేవాళ్లలో చెయ్యి బిగువువాళ్లూ ధారాళంగా మార్కులు వేసేవాళ్లూ ఉన్నట్టే, వీళ్లలోనూ అదే వైన్ కొందరికి ఎక్కువ చేదు. ఒకే మనిషి ఇచ్చిన ఎనిమిది తీర్పులు స్వతంత్రమైనవి కావు. అందుకే మనిషికొక యాదృచ్ఛిక ప్రభావం కావాలి. పైన చెప్పిన హద్దుల మోడల్‌లో అది లేకుండా వెచ్చదనం గుణకం 2.50, పెడితే 3.06. ఆడ్స్‌లో చెబితే సుమారు 12 రెట్లు, 21 రెట్లు! మొదటిది అందరినీ కలగలిపి చూసిన తేడా. రెండోది, ఒకే మనిషి రెండు రకాలూ రుచి చూస్తే కనపడే తేడా. మీరు దేన్ని రాస్తున్నారో రిపోర్టులో స్పష్టంగా చెప్పండి. చదివేవాళ్లకు అది మన బాకీ.

4. గుణకం గుర్తు, ప్లస్సా మైనస్సా, సరిచూసుకోండి. ఆర్ భాషలోని ‘ఆర్డినల్’ ప్యాకేజీ హద్దులోంచి ప్రభావాన్ని తీసేస్తుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు కలుపుతాయి.

5. మనిషికి నాలుగైదు తీర్పులే ఉన్నప్పుడు, ఈ మోడల్‌ను అంచనా వేయడానికి లాప్లాస్ ఉజ్జాయింపుతో ఆగకండి. యాదృచ్ఛిక ప్రభావం ఒక్కటే అయితే గాస్-హెర్మైట్ పద్ధతితోనూ నడిపి పోల్చండి. ఇక మనుషుల మధ్య విస్తృతి: వైన్ డేటాలో అది 1.28. తొమ్మిది మంది నుంచి వచ్చిన ఆ ఒక్క అంకెనే రాసి ఊరుకోవద్దు, దాని విశ్వాస అంతరం కూడా పక్కనే రాయండి.