ఉమ్మడి గోడ మీది ఏసీ మోత తగ్గించుకుందాం

గోడకు గోడ ఆనుకుని కట్టిన పాత హౌసింగ్ బోర్డు ఇళ్లలో ఏసీ చల్లదనం మనకే, మోత మాత్రం రెండిళ్లకూ. కంప్రెసర్ అదురు ఇనప బ్రాకెట్ మీదుగా గోడలోకి దిగి, అవతలి పడకగదిలో గుయ్యిమంటుంది. గాలిలో వచ్చే చప్పుడుకంటే ఈ అదురే ఎక్కువ నిద్ర చెడగొడుతుంది. ముందు దాని పని పడదాం.

కావలసినవి

మందపాటి రబ్బరు ప్యాడ్లు 4, వాటికి సరిపడా పొడవాటి బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు, స్పానర్, పైపులకు తొడిగే నల్ల ఫోమ్, ఏసీ పుట్టీ. సాయానికి ఇంకో మనిషి. ఏసీ బయటి యూనిట్ పై అంతస్తు గోడకు వేలాడుతుంటే మాత్రం మెకానిక్‌ను పిలవండి. కిటికీలోంచి వంగి చేసే పని కాదిది.

పద్ధతి

1. ఏసీని ఫ్యాన్ మోడ్‌లో పెడదాం. కంప్రెసర్ ఆగుతుంది. మోత పోయిందంటే తప్పు బయటి యూనిట్‌దే. పోకపోతే లోపలి ఫిల్టర్లు కడిగి, ఆరబెట్టి చూద్దాం.

2. మళ్లీ కూల్‌లో పెట్టి, లోపలివైపు గోడకు అరచేయి ఆనించండి. అదురు ఎక్కడ ఎక్కువో తెలుస్తుంది: బ్రాకెట్ దగ్గరా, పైపులు దూరిన కన్నం దగ్గరా?

3. ఎంసీబీ ఆపేద్దాం. రిమోట్‌తో ఆపితే చాలదు. యూనిట్ మూత తీయకండి, కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది.

4. ఒకవైపు రెండు నట్లు తీసి, రెండోవైపువి వదులు చేద్దాం. సాయం వచ్చినవారు యూనిట్‌ను ప్యాడ్ దూరేంత మటుకే ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే రాగి పైపు మడతపడి గ్యాస్ కారిపోతుంది. పాత బోల్టులు తీసి, కాళ్ల కింద ప్యాడ్లు పెట్టి, పొడవాటి బోల్టులు వేద్దాం. తర్వాత రెండోవైపు.

5. పైపులు గోడనో, ఒకదాన్నొకటో తాకేచోట ఫోమ్ తొడుగుదాం. కన్నం చుట్టూ పుట్టీ పెడదాం.

పొరపాట్లు

అందరూ చేసేది, నట్టును బలంకొద్దీ బిగించడం. రబ్బరు నలిగి పక్కలకు ఉబికిందంటే ప్యాడ్ ఉన్నా లేనట్టే. ఉబకకముందే ఆపండి. వదులు కాకుండా చూసుకోవడానికి స్ప్రింగ్ వాషర్ ఉంది.

కన్నాన్ని సిమెంటుతో పూడ్చకండి. పైపు గోడకు బిగుసుకుని అదురు నేరుగా ఎక్కుతుంది. మోత వినబడకూడదని యూనిట్ చుట్టూ చెక్కపెట్టె కట్టడం ఇంకా చేటు. వేడిగాలి పోయే దారిలేక కంప్రెసర్ దెబ్బతింటుంది.

పని అయ్యాక మనింట్లో విని తృప్తిపడకండి. రాత్రి పక్కింటివాళ్లను అడగండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్సే. ఇంకా వినబడుతోందంటే ఆ గోడ వదిలేసి, యూనిట్‌ను డాబా మీద స్టాండుకు మార్పించండి. పైపు ఖర్చు పెరుగుతుంది, అయినా చేయించాల్సిన పనే.