నోరు చూసి పేరు పెట్టాలి

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి రాయునది ఏమనగా,

పగడపు దిబ్బల చేపలను గుర్తుపట్టడం నేర్చుకునేవారు సాధారణంగా రంగుతో మొదలుపెడతారు గాని, శాస్త్రీయంగా లాబ్రాయిడెస్ డిమిడియేటస్ అని పిలిచే క్లీనర్ రాస్ దగ్గర ఆ పద్ధతి బోల్తా కొడుతుంది. సుమారు 14 సెంటీమీటర్లకు మించని ఈ సన్నని చేపకు మూతి నుంచి తోక దాకా సాగి, పోనుపోను వెడల్పయ్యే నల్లని చార ఉంటుంది. అదే చారను, అదే నీలి ఛాయను, చివరికి అదే ఊగిసలాడే ఈతను కూడా ఆస్పిడోంటస్ టీనియేటస్ అనే బ్లెన్నీ కుటుంబపు చేప పుణికిపుచ్చుకుంది. ఒక జీవి మరొకదాని రూపంతో లాభపడే ఈ తీరును శాస్త్రంలో అనుకరణ అంటారు. పైగా పిల్లదశలో రాస్ నల్లగా, వీపు మీద ఒక నీలి గీతతో కనబడుతుంది కనుక, పెద్ద చేప బొమ్మనే బట్టీపట్టినవారు దాన్ని వేరే జాతిగా రాసుకోవచ్చు.

అందువల్ల చిరంజీవి చూపు ముందుగా నిలపవలసినది నోటి మీద. రాస్ నోరు మూతి కొసన, సూటిగా ముందుకు తెరుచుకుంటుంది. బ్లెన్నీకి మూతి ముందుకు పొడుచుకువచ్చి, నోరు దాని కింద దాగి ఉంటుంది, కింది దవడలో పెద్ద కోరలుంటాయి. చేప చేతికి చిక్కితే పొలుసులు కూడా చూడవచ్చు. అవి రాస్‌కు ఉంటాయి, బ్లెన్నీకి ఉండవు. ఇక వీపు వాజం, అనగా వీపు మీది రెక్క, రాస్‌కు 9 ముళ్లతోనూ, వాటి వెనుక పదీ పదకొండు మెత్తని కిరణాలతోనూ నిలబడగా, బ్లెన్నీకి రెండూ కలిపి 30కి పైగా ఉంటాయి.

నివాసం కూడా గుర్తింపులో భాగమే. రాస్ ఒక పగడపు రాతినో, దిబ్బ అంచునో పట్టుకుని పగలంతా అక్కడే తిరుగుతుంది. దాన్ని శుభ్రతాస్థావరం అంటారు. గ్రూపర్ల వంటి పెద్ద చేపలు అక్కడికి వచ్చి, నోరు, మొప్పలు తెరిచి కదలకుండా నిలిస్తే, ఇది లోపలికి సైతం దూరి పరాన్నజీవులను, కొంత జిగురును తిని బయటికొస్తుంది. వేటగాడి నోట్లో ఇంత ధీమాగా తిరిగే చేపను చూడడానికి ఊపిరి బిగబట్టవలసిందే. బ్లెన్నీ మాత్రం పురుగులు వదిలిన గొట్టాల్లోనో, సన్నని బొరియల్లోనో తల బయటపెట్టి కూర్చుంటుంది, బెదిరితే తోక ముందుగా లోపలికి జారుకుంటుంది. అది మోసపోయిన చేపల రెక్కలు కొరికే మాట నిజమే అయినా, ఇతర చేపల గుడ్లను, గొట్టపు పురుగుల స్పర్శకాలను కూడా తింటుంది.

భారతదేశంలో రాస్‌ను చూడదలచినవారు లక్షద్వీప్, అండమాన్ దిబ్బలకు వెళ్లడం మేలు. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుతో మసకబారే కోస్తాంధ్ర నీళ్లు పగడాలకు అంతగా పట్టవు. అయినా విశాఖపట్నంలో సేకరించిన చేపలపై 1803లో గ్రంథం ప్రచురించిన ప్యాట్రిక్ రస్సెల్ స్థానిక నామాలను కూడా నమోదు చేసిన పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది. నోట్‌బుక్‌లో లోతు, వేళ, అడుగున ఉన్నది రాయో ఇసుకో, జాలరి చెప్పిన పేరు, పక్కవాటుగా తీసిన ఫొటో సంఖ్య ఉండాలి. నోరు కనబడని చేప ఎదుట మాత్రం జాతి పేరు రాయక, “రాస్ లేదా బ్లెన్నీ” అని వదిలేయాలి.

ఇట్లు,
మేనమామ